మాస్టారి అతుకు

ఆమె పని బాయిలర్లు తయారుచేసే ఫ్యాక్టరీలో అతుకులు పరీక్షించడం. వెల్డర్లు ఇనుప పలకల్ని అతికించి పక్కకు తప్పుకున్నాక, ఆమె టార్చీ, చిన్న అద్దం, రంగు డబ్బాలు పట్టుకుని వచ్చి గొంతుక్కూర్చుని చూసేది. బాగుంటే సుద్దముక్కతో గీత గీసేది. బాగాలేకపోతే సున్నా చుట్టేది. సున్నా చుట్టిన చోట మళ్ళీ కోసి మళ్ళీ అతకాల్సిందే. ఎంత సీనియర్ వెల్డరు వచ్చి బతిమాలినా ఆ సున్నా చెరిగేది కాదు. పైకి నున్నగా ఉన్నదాని కడుపులో ఏముందో చెప్పేస్తుందని ఫ్యాక్టరీలో ఆమెకు ఎక్స్‌రే అని పేరు పెట్టారు. ఎదురుగా "మేడమ్", వెనకాల "ఎక్స్‌రే". ఆ సంగతి ఆమెకూ తెలుసు. విని నవ్వుకునేది.

ఆమెకున్నది ఒక్కడే తమ్ముడు. బజారులో నాలుగడుగుల వెడల్పు దుకాణంలో వాచీలు బాగుచేసేవాడు. కంటికి భూతద్దం తగిలించుకుని, ఎడమచేతి వేళ్ళ మధ్య గోరంత యంత్రాన్ని పట్టుకుని, కుడిచేత్తో పట్టకారు ఆడించేవాడు. వారమంతా ఊపిరి బిగబట్టి కూర్చునే పని కాబట్టేనేమో, ఆదివారం వస్తే వాడికి వేగం కావాలి. ఊరవతల ఒక రేసు ట్రాకు ఉంది. ఆదివారాలు ఒక క్లబ్బువాళ్ళు దాన్ని తీసుకుని, సరదా ఉన్నవాళ్ళందరినీ తమ తమ కార్లు తిప్పుకోనిచ్చేవారు. పోటీ లేదు, బహుమతి లేదు. ఎవరి ముచ్చట వారిది.

"వారమంతా సెకన్ల ముల్లు చూసీ చూసీ విసుగొస్తుందక్కా. ఆదివారం ఒక్క పూట నేనే ఆ ముల్లునవుతా," అనేవాడు తమ్ముడు.

ఆ క్లబ్బులో అందరికీ నడపడం నేర్పేది మాస్టారు. అరవైకి దగ్గరపడ్డ మనిషి. నెరిసిన గడ్డం, ఇస్త్రీ నలగని తెల్లచొక్కా, మెల్లగా మాట్లాడే గొంతు. ట్రాకు మీదకి వెళ్ళే ప్రతి కారునూ పరీక్షించి "పనికొస్తుంది" అని సంతకం పెట్టే అధికారం కూడా ఆయనదే. ఆయనకు సొంత షెడ్డు ఒకటుండేది. పాత స్పోర్ట్స్ కార్లు తెచ్చి, సీట్లూ తివాచీలూ పీకేసి, బండి పల్టీ కొట్టినా మనిషి నలగకుండా లోపల ఇనుప గొట్టాల పంజరం బిగించి, ట్రాకు కోసమే తయారుచేసి శిష్యులకు అమ్మేవాడు. తమ్ముడు తన వెండిరంగు కారు అక్కడే కొన్నాడు. రెండే సీట్లు. "ఒక్క దెబ్బ తగలని బండి. కళ్ళు మూసుకుని తీసుకో," అన్నాడు మాస్టారు. తమ్ముడు అలాగే తీసుకున్నాడు.

మూడోసారి ట్రాకుకు తీసుకెళ్ళినప్పుడు, మూడో మలుపులో, వెనక ఎడమ చక్రం బాడీ నుంచి ఊడిపోయింది. కారు రెండుసార్లు గిరగిరా తిరిగి టైర్ల గోడకు కొట్టుకుంది. ప్రాణం దక్కింది. ఎడమ మోచెయ్యి నుజ్జయింది. డాక్టర్లు చేతిని నిలబెట్టారు గానీ, వేళ్ళలోకి స్పర్శ తిరిగి రాలేదు.

మాస్టారు ఆస్పత్రికి వచ్చి వెళ్ళాడట. ఆ సమయానికి ఆమె ఫ్యాక్టరీలో ఉంది. వచ్చినవాడు మంచం పక్కన కూర్చుని, తమ్ముడి భుజం నిమిరి, "మలుపు మధ్యలో బ్రేకు వేశావు బాబూ. ఎన్నిసార్లు చెప్పాను?" అన్నాడట. క్లబ్బు కమిటీకి కూడా అదే రాసిచ్చాడు. శిష్యుడికి శ్రమ లేకుండా చేస్తానని, తుక్కయిన కారును రెండో రోజే తన ట్రక్కు మీద ఎక్కించి పాత ఇనుము వాళ్ళకి అప్పజెప్పాడు. వారం తిరక్కుండా కమిటీ నుంచి తమ్ముడికి ఉత్తరం వచ్చింది: నిర్లక్ష్యంగా నడిపినందుకు సభ్యత్వం రద్దు.

తమ్ముడు ఆ ఉత్తరం చదివి మడిచి జేబులో పెట్టుకున్నాడు. దుకాణం తెరిచాడు. ఇప్పుడు అందులో వాచీ పట్టీలు మార్చడం, బ్యాటరీలు వేయడం మాత్రమే. భూతద్దం మేకుకు వేలాడుతూ ఉండేది.

"బ్రేకు వేశానేమో అక్కా. గుర్తులేదు. ఆయన చూశాడుగా," అన్నాడొకరోజు.

అక్కడ ఆమె కడుపు మండింది. చెయ్యి పోయినందుకు ఏడ్చింది, నిజమే. కానీ వాడు ఆ మాట నమ్మాడు చూశారా, దానికి మాత్రం ఏడుపు రాలేదు. 

మూడో మలుపు దగ్గర జెండా ఊపే ముసలాయన ఒకాయన ఉన్నాడు. అందరూ జెండా తాత అంటారు. ఆయన ఓ సాయంత్రం దుకాణానికొచ్చి తన ఫోనులో ఒక ఫోటో చూపించాడు. ప్రమాదం జరిగిన నిమిషంలోనే తీసింది. చక్రాన్ని బాడీకి పట్టి ఉంచే బ్రాకెట్టు, తెగిన అంచుతో. తమ్ముడికి అందులో ఏమీ కనపడలేదు. అప్పుడు అక్కడే ఉన్న ఆమె ఫోటోను వేళ్ళతో పెద్దది చేసింది. తెగిన అంచులో సగం కొత్తగా మెరుస్తోంది. మిగతా సగం ఎర్రగా తుప్పు పట్టి ఉంది. అంటే అది ఆ రోజు తెగింది కాదు. ఎప్పటి నుంచో పగిలి, మిగిలిన సగం మీద వేలాడుతూ వచ్చింది. పగులు పక్కనే పాత అతుకు ఒకటి. పైన ముద్దలు ముద్దలుగా లోహం పోసి, చివర ఎడమ పక్కకు చిన్న తోకలా లాగి వదిలేసిన అతుకు.

వెల్డరు చేతివాటం దస్తూరీ లాంటిది. ఆమె ఇరవై ఏళ్ళుగా ఆ దస్తూరీలే చదువుతోంది. ఆ తోకను ఒక్కసారి చూసింది. ఇక మర్చిపోయే ప్రసక్తి లేదు.

ఆమె పోరు పడలేక తమ్ముడు ఆ ఫోటో పట్టుకుని క్లబ్బు అధ్యక్షుడి దగ్గరకు వెళ్ళాడు. ఆయన వృత్తికి పళ్ళ డాక్టరు. "ఫోటో చూసి ఏం చెప్పగలమయ్యా? బండి ఉంటే కదా," అన్నాడు. బండి ఎప్పుడో కరిగి కడ్డీ అయిపోయింది.

"ఇక వదిలెయ్ అక్కా," అన్నాడు తమ్ముడు.

"సరేలే," అంది ఆమె. ఆ నెలలోనే క్లబ్బులో చేరింది.

ఆమె ఇంటిపేరు వేరు, ఊళ్ళో ఆమె ఉండే పేట వేరు. జెండా తాతకు తప్ప ఎవరికీ తెలియదు, ఆయన బయటపెట్టలేదు. తన రోజువారీ కారులోనే ట్రాకు మీద పాఠాలు మొదలుపెట్టింది. పక్క సీట్లో మాస్టారు. హెల్మెట్లలో ఒకరి మాట ఒకరికి వినపడే ఏర్పాటు ఉండేది. ఆయన గొంతు చెవిలోనే ఉన్నట్టుండేది.

"తొందరపడకండమ్మా. ముందు చూపు తిప్పండి, తర్వాత చేతులు. మలుపు మధ్యలో బ్రేకు జోలికి పోవద్దు. ఆక్సిలరేటరు మీంచి పాదం కూడా పూర్తిగా ఎత్తొద్దు. బండిని నమ్మండి."

ఆయన గొప్పగా నేర్పుతాడు. అది ఒప్పుకోవడానికి ఆమెకు మనసొప్పలేదు గానీ, నిజం. ఐదో ఆదివారానికి ఆమె మూడో మలుపును టైర్లు కీచుమనకుండా దాటింది. "శభాష్!" అన్నాడు మాస్టారు. ఒక్క క్షణం ఆమెకు సంతోషం వేసింది. ఆ సంతోషానికి తన మీద తనకే అసహ్యం పుట్టి, ఇంటికెళ్ళాక స్నానాలగదిలో చాలాసేపు మొహం కడుక్కుంటూ ఉండిపోయింది.

రెండు నెలలు గడిచాక అడిగింది. "మాస్టారూ, నాకు ట్రాకు కోసమే ఒక కారు కావాలి. ఆఫీసుకీ బజారుకీ తిప్పను. మీరే వెతికి పెట్టాలి."

"అలా అడిగారు, బాగుంది," అన్నాడు ఆయన కళ్ళు చికిలించి. "వెతుకుదాం. తొందరేముంది?"

ఆయన తొందరపడలేదు. మంచి వేటగాడు. మొదట ఒక బ్యాంకు ఆఫీసరు ఇంటికి తీసుకెళ్ళాడు. గరాజులో ఎర్ర కారు, అద్దంలా తుడిచి ఉంది. మాస్టారు చుట్టూ ఒకసారి తిరిగి బయటికొచ్చి అన్నాడు: "ఇది షోకేసులో పెట్టుకునే బొమ్మమ్మా. మొదటి గీత పడగానే మీరు ఏడుస్తారు. గీత పడినా నవ్వగలిగే బండి కొనుక్కోవాలి." తర్వాత ఒక కాంట్రాక్టరు దగ్గర పెద్ద ఇంజను కారు. స్టార్ట్ చేస్తే వీధి వీధంతా అదిరింది. "ఇంజను చూసి మురిసిపోకండి, బరువు చూడండి. ఇంత బరువున్నది ముందు బ్రేకుల్ని తినేస్తుంది, తర్వాత టైర్లని తినేస్తుంది, ఆఖరికి మిమ్మల్ని తినేస్తుంది." మూడోది టాపు లేని చిన్న కారు. మాస్టారు కిందికి వంగి గొట్టాన్ని వేలితో కొట్టి చూసి, రాలిన తుప్పును ఆమె అరచేతిలో పోశాడు. "లోపల ఇది చూసుకోకుండా పైన రంగు చూసి కొనేవాళ్ళు ఉంటారు. పాపం."

ఆమె అరచేతిలోని తుప్పు వంక చూసింది. ఇన్ని తెలిసిన మనిషి, తెలియక చేశాడని అనుకోవడానికి కూడా వీల్లేకుండా పోయింది.

నాలుగో కారు, ఆమె అనుకున్నట్టే, మాస్టారి షెడ్డులో ఉంది. పసుపుపచ్చ రంగు, రెండు సీట్లు, చిన్న ఇంజను, తేలికైన ఒళ్ళు. పంజరం, కొత్త బ్రేకులు, నడుమును ఒడిసిపట్టే సీటు, అన్నీ అమర్చి పెట్టాడు.

"నా స్నేహితుడి బండి. ఒక్క దెబ్బ తగల్లేదు. కళ్ళు మూసుకుని తీసుకోండి."

"మీరున్నారుగా మాస్టారూ, నాకేం భయం," అంది ఆమె. "ఒక్క రోజు ఇంటికి తీసుకెళ్ళి సీటు నాకు సరిపడేలా బిగించుకుని తెచ్చేస్తాను."

ఆయన తాళం చేతిలో పెట్టాడు. ఆమె కారును ట్రక్కు మీద ఎక్కించుకుని నేరుగా ఫ్యాక్టరీకి తీసుకెళ్ళింది. సెలవురోజు. మూలనున్న షెడ్డులో జాకీ మీద లేపి, వెనక ఎడమ చక్రం విప్పి, టార్చీ పట్టుకుని కిందికి దూరింది. బ్రాకెట్టు దగ్గర నల్లరంగు మరీ నున్నగా ఉంది. గోకితే కింద పుట్టీ. పుట్టీ ఒలిస్తే కింద అతుకు. చివర ఎడమ పక్కకు తోక.

చెప్పాలంటే ఆమెకు సంతోషమే వేసింది. తర్వాత లేచి రంగు డబ్బాలు తెచ్చింది. అతుకును శుభ్రంగా తుడిచి ఎర్రరంగు పూసింది. పది నిమిషాలు ఆగి, రంగంతా తుడిచేసి, పైన తెల్లపొడి చిమ్మింది. అతుకు మంచిదైతే ఆ తెలుపు తెల్లగానే ఉండిపోవాలి. ఉండలేదు. లోపల దాక్కున్న ఎర్రరంగు, మెల్లమెల్లగా, వెంట్రుకంత సన్నని గీతలా పైకి వచ్చింది. మూడంగుళాల పొడవు.

ఆమె ఫోటోలు తీసింది. అన్నీ తుడిచేసి, మళ్ళీ పుట్టీ పెట్టి, నల్లరంగు వేసి, ముందు ఎలా ఉందో అలా చేసింది. మర్నాడు మాస్టారికి కారు తిరిగి ఇస్తూ, "క్లబ్బు పరీక్ష కాగితం కూడా మీరే నింపి పెట్టేయండి," అంది. ఆయన షెడ్డు బల్ల మీదే నింపాడు. ప్రమాదాలు: లేవు. అతుకులు: లేవు. ట్రాకుకు పనికొస్తుంది. కింద సంతకం.

అప్పటికే ఆమె చేతిలో కావలసినంత ఉంది. కాగితం, ఫోటోలు తీసుకెళ్ళి పళ్ళ డాక్టరు ముందు పడేస్తే సరిపోయేది. ఆమె పడెయ్యలేదు. మూడు వారాల్లో క్లబ్బు వార్షిక సమావేశం, ట్రాకు దగ్గరే. సభ్యులందరూ వస్తారు. ఆ రోజు మాస్టారు ఆ కారులో, ఆ మలుపులో, అందరి కళ్ళ ముందూ ఉండాలి. అది ఆమె కోరిక. దాన్ని తలుచుకుంటూ ఆ మూడు వారాలూ హాయిగా నిద్రపోయింది.

సమావేశానికి రెండు రోజుల ముందు తమ్ముడికి చెప్పింది. వాడు పొంగిపోతాడనుకుంది. వాడు చేతిలో ఉన్న వాచీ పట్టీ కింద పెట్టేశాడు.

"ఆయన్ని ఆ కారులో కూర్చోబెడతావా? పగులుందని తెలిసీ?"

"పనికొస్తుందని సంతకం పెట్టాడు. తన సంతకం మీద తనే కూర్చుంటాడు. అందులో నేను చేసిందేముంది?"

"చక్రం ఊడితే?"

"నీకు ఊడలేదూ?"

"నువ్వు నాకోసం చెయ్యట్లేదక్కా ఇదంతా," అన్నాడు.

ఆమెకు కోపం వచ్చింది. బ్యాగు తీసుకుని దుకాణం మెట్లు దిగి వెళ్ళిపోయింది.

ఆ ఆదివారం ఎండ పేలిపోతోంది. పాతికమంది దాకా సభ్యులు, వాళ్ళ కుటుంబాలు, నీడకోసం వేసిన గుడారం. పసుపు కారు వరసలో అన్నిటికన్నా ముద్దుగా ఉంది. ఆమె అందరి ముందూ నిలబడి అడిగింది. "మాస్టారూ, ఈ బండి నాదయ్యే ముందు దీని సత్తా ఏమిటో ఒకసారి మీ చేతుల మీదుగా చూడాలనుంది." నలుగురూ చప్పట్లు కొట్టారు. పొగడ్త అంటే చెవికోసుకునే మనిషి. హెల్మెట్ పెట్టుకుని ఎక్కాడు.

రెండు చుట్లు తిప్పాడు. తిన్నని దారిలో బాణంలా వచ్చేవాడు. మూడో మలుపు రాగానే ఇంజను చప్పుడు తగ్గిపోయేది. రెండుసార్లూ అంతే. ఆమె కంచె దగ్గర నిలబడి వింది. అతుకు సంగతి తెలిసినవాడి పాదం అది.

కారు తిరిగొచ్చి ఆగింది. "టైర్లు ఇంకా వేడెక్కలేదు," అన్నాడు మాస్టారు అద్దం దించి.

"అయితే ఇంకో చుట్టు వెళ్దాం. నేనూ పక్కన కూర్చుంటాను."

ఆమె హెల్మెట్ తగిలించుకుంటుంటే గుడారం వైపు నుంచి తమ్ముడు పరిగెత్తుకు రావడం కనిపించింది. వస్తాడని ఆమె అనుకోలేదు. ఎడమచెయ్యి ఒంటికి అతుక్కున్నట్టు వేలాడుతోంది. "అక్కా, ఎక్కకు!" అని అరిచాడు. ఆమె తలుపు వేసేసింది. కారు కదిలింది.

మొదటి మలుపు దాటారు. రెండోది దాటారు.

"మూడో మలుపులో మీరు పాదం ఎత్తేస్తున్నారు మాస్టారూ," అంది ఆమె మామూలు గొంతుతో.

"చెప్పానుగా, టైర్లు—"

"మాకు మాత్రం ఎత్తొద్దంటారు. బండిని నమ్మమంటారు."

తిన్నని దారి మొదలైంది. కారు వేగం అందుకుంది.

"పోయిన ఏడాది ఇక్కడ ఒక వాచీలవాడు పడ్డాడు. గుర్తున్నాడా? వెండిరంగు కారు. వాడు నా తమ్ముడు."

హెల్మెట్లో ఆయన ఊపిరి చప్పుడు ఆగిపోయింది.

"నా ఉద్యోగం అతుకులు పరీక్షించడం. ఈ బండికి వెనక ఎడమ బ్రాకెట్టు మీద మూడంగుళాల పగులుంది. వాడి బండికున్న అతుకే ఇదీ. మీ చేతిదే. ఇప్పుడు పాదం ఎత్తకండి."

మాస్టారు బలమంతా పెట్టి బ్రేకు తొక్కాడు. కారు ముక్కు కిందికి దిగి, పొగలు చిమ్ముతూ, మలుపుకు ఇంకా వందగజాలు ఉండగానే ఆగిపోయింది. ఆయన గ్లవ్స్ పీకేసుకున్నాడు.

"నీకు పిచ్చా? నువ్వు కూడా ఇందులోనే ఉన్నావు!"

"ఉన్నాను. ఆ రోజు వాడూ ఉన్నాడు," అంది ఆమె.

జెండా తాత ఎర్రజెండా ఊపాడు. ట్రాకు మీద కార్లన్నీ ఆగిపోయాయి. పసుపు కారును తాడు కట్టి గుడారం దగ్గరకు లాక్కొచ్చారు. అందరూ మూగారు. "ఇంజను ఏదో ఇబ్బంది పెట్టింది," అన్నాడు మాస్టారు, ఎవరి మొహమూ చూడకుండా.

ఆమె దిగి, కిటికీలోంచి చెయ్యి పెట్టి స్టార్టు బటను నొక్కింది. ఇంజను ఒక్క నొక్కుకే అందుకుంది. ఆపేసి, తాళం తీసి, దాంతోపాటు జేబులోంచి పరీక్ష కాగితం కూడా బయటికి తీసింది.

"ఇది మాస్టారు సంతకం. దెబ్బ తగల్లేదని, అతుకు లేదని రాశారు. ఇది తాళం. మాస్టారు ఒక్క చుట్టు, ఒకే ఒక్క చుట్టు, మనందరికీ నేర్పినట్టు మూడో మలుపులో పాదం ఎత్తకుండా తిప్పి రావాలి. వచ్చారంటే నేను అందరి ముందూ ఆయన కాళ్ళకు దండం పెట్టి వెళ్ళిపోతాను."

పళ్ళ డాక్టరు ముందుకొచ్చాడు. "ఏమిటిదంతా? మాస్టారూ, ఏమంటున్నారీవిడ?"

మాస్టారు తాళం వంక చూశాడు. అది ఆమె అరచేతిలో ఉంది. చెయ్యి చాపితే అందుతుంది. పాతికమంది చూస్తున్నారు. అందులో సగంమంది ఆయన దగ్గర కార్లు కొన్నవాళ్ళు. ఆయన చెయ్యి చాపలేదు.

"తీసుకోండి," అంది ఆమె. "బండిని నమ్మండి."

ఆయన వెనక్కి తిరిగి గుడారం అవతలికి నడుచుకుంటూ వెళ్ళిపోయాడు. తెల్లచొక్కా వీపుకు అతుక్కుపోయింది. ఎవరూ పిలవలేదు. ఆ వీపు కనుమరుగయ్యేదాకా ఆమె రెప్పవేయకుండా చూసింది. ఏడాదిగా ఆకలితో ఉన్నవాడు అన్నం చూసినట్టు చూసింది.

ఆ తర్వాత అందరి ముందూ చక్రం విప్పి ఎర్రరంగు పరీక్ష చేసి చూపించింది. తెల్లపొడి మీద గీత పైకి తేలుతుంటే, జెండా తాత తన ఫోనులో ఫోటో తెరిచి పక్కన పెట్టాడు. పళ్ళ డాక్టరు రెండు తోకల వంకా మార్చి మార్చి చూసి, కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఆ సాయంత్రమే మాస్టారి అధికారం తీసేశారు. తమ్ముడి మీద వేసిన నింద వెనక్కి తీసుకుంటూ ఉత్తరం రాసి, అధ్యక్షుడే స్వయంగా దుకాణానికి తీసుకెళ్ళాడు.

తమ్ముడు ఉత్తరం తీసుకున్నాడు. రెండుసార్లు చదివాడు. ఆయన వెళ్ళాక కౌంటరు మీద తల పెట్టుకుని ఏడ్చాడు. కానీ అక్కతో మాత్రం పది రోజులు మాట్లాడలేదు. పదకొండో రోజు ఆమే వెళ్ళింది.

"నేను బ్రేకు వెయ్యలేదు కదా," అన్నాడు వాడు, తలెత్తకుండా.

"వెయ్యలేదురా."

"అది తెలిశాక ఎంత తేలికైందో నీకు చెప్పలేను. కానీ నువ్వు ఆ కారెక్కావు చూడు. నాకింకా కళ్ళ ముందు అదే ఆడుతోంది. ఆయన ఆపకపోతే?"

ఆ క్షణాన ఆయన ఆపకూడదనే ఆమె కోరుకుంది. ఆ మాట తమ్ముడితో ఎలా అంటుంది?

నెలాఖరున ఒక మధ్యాహ్నం ఫ్యాక్టరీ గేటు దగ్గరకు ఎవరో వచ్చారని కబురొస్తే వెళ్ళింది. మాస్టారు. గడ్డం పెరిగింది. చొక్కాకు ఇస్త్రీ లేదు. తనకు జాలి వేస్తుందేమోనని ఒక్క క్షణం ఆగి చూసుకుంది. వెయ్యలేదు.

"షెడ్డు మూసేశాను," అన్నాడు. "మీ తమ్ముడికి—"

"వాడి దుకాణం మీకు తెలుసు. వాడికే చెప్పండి. నాకొద్దు."

ఆయన తల ఊపి, జేబులోంచి ఒక కాగితం తీశాడు. "నేను అతికి అమ్మిన బండ్లు ఇంకా ఏడు ఉన్నాయి. వీళ్ళలో కొందరు ఈ క్లబ్బువాళ్ళు కాదు, వేరే ఊళ్ళవాళ్ళు. నేను ఫోను చేస్తే ఎత్తట్లేదు. మీరు చెబితే వింటారు."

ఆమె కాగితం అందుకుంది. ఆయన రోడ్డు దాటి, దుకాణం ఉన్న దిక్కుకు కాకుండా, రెండో వైపుకు నడిచి వెళ్ళాడు.

ఆమె తన బల్ల దగ్గరకొచ్చి మొదటి నంబరు కలిపింది. ఎత్తింది ఎవరో ఆడమనిషి. లెక్కల టీచర్నని చెప్పింది. ఈమె తనెవరో చెప్పి, కారును ట్రాకు మీదకి తియ్యొద్దని, వెనక బ్రాకెట్టు పరీక్ష చేయించమని చెప్పింది.

"ఇప్పుడా చెప్పేది?" అంది టీచరు. "పోయిన నెల పదిహేనున మా ఊరి ట్రాకు మీద నా చక్రం ఊడింది. గోడ లేని చోట ఊడింది కాబట్టి బతికాను. నాలుగు పక్కటెముకలు విరిగాయి. మీకెప్పుడు తెలిసిందిది?"

ఫ్యాక్టరీ షెడ్డులో ఆమె ఎర్రగీతను చూసింది పోయిన నెల రెండో తారీఖున. ఆ పదిహేనో తారీఖు రాత్రి కూడా ఆమె హాయిగానే నిద్రపోయింది.

"రెండో తారీఖున," అంది ఆమె.

టీచరు ఫోను పెట్టేసింది. ఆమె కాగితం మీద వేలు పెట్టి, రెండో నంబరు కలిపింది.